గుత్తి షెడ్డులో ఒక్క ఆల్కో గూడ్స్ ఇంజిన్‌నైనా బతికించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత డీజిల్ ఇంజిన్లను తుక్కు కింద తీసేస్తున్నారన్న వార్తలు ఈ మధ్య తరచూ చదువుతున్నాను. గుత్తిలో, తర్వాత నంద్యాలలో చాలా ఏళ్లు గూడ్స్ బండ్లు నడిపి రిటైరైనవాణ్ణి. కరెంటు ఇంజిన్లు రావడం మంచిదే. పొగ పోయింది, డీజిల్ ఖర్చు తగ్గింది. నా బాధంతా అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్ నుంచి వచ్చిన డబ్ల్యూడీజీ-3ఏ ఇంజిన్ గురించి. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, జీ అంటే గూడ్స్. వారణాసి కార్ఖానాలో 1995 నుంచి వెయ్యికి పైగా తయారయ్యాయి. మన గుత్తి, కాజీపేట షెడ్లలోనూ ఉండేవి. ఇంటికొచ్చిన సిమెంటు, ఎరువు, బొగ్గు వీటి వెనకే వచ్చాయని చాలామందికి తెలియదు.

నేను అసిస్టెంటు డ్రైవరుగా ఉన్నప్పుడు నడిచినవి ఎక్కువగా డబ్ల్యూడీఎం-2లు. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదట వచ్చిన ఇంజిన్లవి. 1964 నుంచి వారణాసిలోనే తయారు చేసుకున్నాం. 2600 హార్స్‌పవర్. ప్యాసింజరుకూ అదే, గూడ్స్‌కూ అదే. గట్టి బండే, కానీ ఘాట్ ఎక్కేటప్పుడు మా ప్రాణాలు తోడేసేది.

ఒక రాత్రి ఇప్పటికీ మరిచిపోలేను. నిండు లోడు, ముందు రెండు డబ్ల్యూడీఎం-2లు. గాజులపల్లె దాటి నల్లమలలోకి ఎక్కుతున్నాం. సన్న తుంపర పడుతోంది. పెద్ద వాన పడితే పట్టా కడుక్కుపోయి శుభ్రమవుతుంది. తుంపర పడితేనే దుమ్మూ, ఆకుల జిగురూ కలిసి పట్టా సబ్బు రాసినట్టవుతుంది. ఎనిమిదో నాచ్‌లో, అంటే ఇంజిన్ బలం పెంచే మెట్లలో ఆఖరిదాంట్లో ఉండగానే చక్రాలు జారాయి. బజర్ మోగింది, మోటార్ల కరెంటు చూపే ఆంప్స్ సూది ఒక్కసారిగా కిందికి పడింది. డ్రైవరు గారు నాచ్ తగ్గించి ఇసుక వదిలారు. పట్టు దొరికినట్టే దొరికి మళ్లీ జారింది. "దిగప్పా, పట్టా మీద చేత్తో చల్లు" అన్నారు. టార్చి నోట కరుచుకుని, ఇంజిన్ పక్కనే నడుస్తూ గుప్పెళ్లతో ఇసుక, అది అయిపోయాక దొరికిన మట్టీ వేశాను. చివరికి బండి నిలిచిపోయింది. లోడును రెండు ముక్కలు చేసి, సగం పై స్టేషన్లో పెట్టి, మళ్లీ వచ్చి మిగతా సగం లాక్కెళ్లాం. తెల్లారింది.

అదే ఘాట్‌లో తర్వాత డబ్ల్యూడీజీ-3ఏతో ఎక్కాను. మెల్లగానే, కానీ ఆగకుండా ఎక్కింది. ఎందుకో తర్వాత షెడ్డులో ఫిట్టర్లు చూపించారు. ఇంజిన్ గట్టిగా లాగేటప్పుడు ముందు ఇరుసు మీద బరువు తగ్గి వెనక ఇరుసుల మీదకు పోతుంది. బరువు తగ్గిన చక్రమే ముందు జారుతుంది. కొత్త బోగీలో, అంటే ఇంజిన్ కింద చక్రాలుండే చట్రంలో, ఇరుసులను తిప్పే మూడు కరెంటు మోటార్లనూ ఒకే వైపుకు తిప్పి పెట్టి, బరువు మోసే తీరు మార్చి ఈ తేడాను తగ్గించారు. ఇంజిన్ బరువును దాదాపు 113 టన్నుల నుంచి 123 టన్నులకు పెంచారు. గేర్లు మార్చి, 120 కిలోమీటర్ల వేగాన్ని 100కు దించి, ఆ మేరకు లాగే బలాన్ని పెంచారు. మొదట్లో 30 టన్నుల పైచిలుకు ఉన్న లాగుడు 38 టన్నుల దాకా పోయింది. ఆల్కో కంపెనీ 1969లోనే మూతబడింది. అంటే అమ్మినవాళ్లు లేకపోయినా, అదే 16 సిలిండర్ల మెషీన్‌ను మనవాళ్లు 3100 హార్స్‌పవర్‌కు తీసుకొచ్చారు. అందుకే ఇది మన ఇంజిన్ అంటున్నాను.

తర్వాత జనరల్ మోటార్స్ డిజైన్‌తో డబ్ల్యూడీజీ-4 వచ్చింది. 4000 హార్స్‌పవర్, ఏసీ కరెంటుతో తిరిగే మోటార్లు. చక్రం జారడాన్ని కంప్యూటరే కనిపెట్టి సరిచేస్తుంది. నిస్సందేహంగా గొప్ప ఇంజిన్. కానీ మేము చేత్తో, చెవితో నేర్చుకున్న పని ఆల్కోతోనే నేర్చుకున్నాం. టర్బో (సిలిండర్లలోకి గాలిని ఒత్తి పంపే యంత్రం) శబ్దంలో చిన్న తేడా వస్తే, ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో ఇంజిన్ గది పక్కన నిలబడి చెప్పగల ఫిట్టర్లు మా షెడ్డులో ఉండేవాళ్లు. వాళ్లలో కొందరు ఇప్పటికే పోయారు.

పనికొచ్చే పాతదాన్ని పారేయకూడదని రైల్వేకూ తెలుసు. రెండు డబ్ల్యూడీజీ-3ఏలను కలిపి 10,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజిన్‌గా మార్చారు. 2019లో వారణాసిలో ప్రధాని జెండా ఊపారు. చాలా సంతోషించాను. అయితే అందులో డీజిల్ మెషీన్ లేదు కదా.

ఆవిరి ఇంజిన్లకు మాత్రం న్యాయం జరిగింది. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ను 1997లో మళ్లీ పట్టాల మీద నడిపారు. హర్యానాలోని రేవాడి షెడ్డులో ఆవిరి ఇంజిన్లను నిప్పు రాజేసి నడుపుతున్నారు. డీజిల్‌కు మాత్రం, మహా అయితే ఆఫీసు ముందు దిమ్మె మీద రంగేసి నిలబెడతారు. అలా నిలబెట్టిన ఇంజిన్‌ను ఒకచోట దగ్గరగా చూశాను. కిటికీ అద్దం పగిలి ఉంది. కంట్రోల్ స్టాండు మీద మీటర్ల చోట చిల్లులే మిగిలాయి. లోపల కేబుళ్లు ఎలుకలు కొరికేశాయి. నీళ్లూ ఆయిలూ తిరగని డీజిల్ ఇంజిన్ రెండు మూడు వానాకాలాల్లో బిగుసుకుపోతుంది. అప్పుడది ఉత్త ఇనుము.

అందుకని రైల్వే అధికారులకు నా విన్నపం. గుత్తిలో ఒక డబ్ల్యూడీజీ-3ఏను షెడ్డు కప్పు కిందే ఉంచండి. నెలకొకసారి ముందు ఆయిల్ ఎక్కించి స్టార్ట్ చేసి, యార్డులో అటూ ఇటూ నడపండి. వీలైతే ఏడాదికొకసారి నాలుగు వ్యాగన్లు తగిలించి పిల్లలకు చూపించండి. స్టార్టింగ్ నుంచి టర్బో విప్పడం దాకా ప్రతి పనినీ వీడియో తీయించండి. ఎలా చేయాలో చెప్పగలిగినవాళ్లం ఇంకా పదీ పదిహేను మంది గుత్తిలోనే ఉన్నాం. జీతం వద్దు. కబురు చేస్తే పొద్దున షిఫ్టు వేళకే షెడ్డు గేటు దగ్గర ఉంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్ (గూడ్స్),
గుత్తి, అనంతపురం జిల్లా.