మా బాబుకు స్పీచ్ థెరపీ మాన్పించిన మీ ఆరు నెలల ప్యాకేజీపై ఫిర్యాదు

ఖమ్మం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
కేంద్ర కార్యాలయం, హైదరాబాద్.

విషయం: తప్పుడు ప్రకటన, తప్పుడు పరీక్ష, థెరపీ మాన్పించడం గురించి.

అయ్యా,

మా బాబుకు నాలుగేళ్లు. రెండున్నరేళ్లప్పుడు ఆటిజం అని తేలింది. పోయిన జూన్‌లో మీ హైదరాబాద్ సెంటర్‌లో 'సమగ్ర వైద్యం' ప్యాకేజీకి 1,85,000 రూపాయలు కట్టాం. డబ్బు సంగతి తర్వాత రాస్తాను. ముందు వీడియో సంగతి.

ఇప్పుడు మీ ప్రకటనగా ఫోన్లలో తిరుగుతున్న వీడియోలో మా బాబు గ్లాసు చూపించి "నీలు" అంటాడు. కింద "మూడు నెలల్లో మాటలొచ్చాయి" అని వేశారు. అది మేం చేరిన రోజే మీ రిసెప్షన్‌లో తీసిన వీడియో. అదే పసుపు చొక్కాతో, అదే కుర్చీలో వాడి ఫొటో నా ఫోన్‌లో తేదీతో సహా ఉంది. ఆ మాట నేర్పింది మా ఊళ్లోని స్పీచ్ థెరపిస్టు. వారానికి మూడు రోజుల చొప్పున ఏడు నెలలు, వాడు కళ్లెత్తి చూసేదాకా గ్లాసు పట్టుకుని ఓపిగ్గా కూర్చుని నేర్పింది. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లడం ఆపేయమని మీరే చెప్పారు.

"ఇప్పుడు బాబు మెదడు మీద భారం పెట్టకండి, ఒంట్లో విషాలు పోతే మాటలు వాటంతటవే వస్తాయి" అన్నది మీ కౌన్సిలర్ మాట. నమ్మాం. సెప్టెంబరుకల్లా ఆ ఒక్క "నీలు" కూడా పోయింది. థెరపీ ఆపినందుకే పోయిందని మా పిల్లల డాక్టరు గారు కచ్చితంగా చెప్పలేదు, నేనూ అనను. కానీ మాటలు నేర్చుకునే వయసులో ఆరు నెలలు పోగొట్టుకున్నామని మాత్రం ఆయన చెప్పారు.

విషాలున్నాయని మీరు చూపించిన ఆధారం మూత్ర పరీక్ష. ముందు రోజు రాత్రి ఒక క్యాప్సూల్ వేయమని ఇచ్చారు. రిపోర్టులో సీసం గీత ఎర్రగా, ఎత్తుగా వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. గోడల రంగు వల్లా, వంటపాత్రల వల్లా, నేను కడుపుతో ఉన్నప్పుడు తిన్నదాని వల్లా అని తలా ఒక కారణం వెతికాం. తర్వాత డాక్టరు గారు ఆ కాగితం తిప్పి చూసి విషయం చెప్పారు. ఆ క్యాప్సూల్ లోహాలను ఒంట్లోంచి మూత్రంలోకి లాగే మందు. ఎవరి ఒంట్లోనైనా కొద్దో గొప్పో ఉండే లోహమే అప్పుడు ఎక్కువగా బయటికొస్తుంది. మీరు దాన్ని పోల్చింది మందు వేయకుండా తీసిన మూత్రం లెక్కలతో. ఆ సంగతి రిపోర్టు అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది. రక్తంలో సీసం పరీక్ష విడిగా చేయిస్తే భయపడాల్సింది ఏమీ లేదని వచ్చింది.

ఆ ఎర్ర గీత చూపించే మీరు కీలేషన్ సెలైన్లు (లోహాలను ఒంట్లోంచి లాగే మందు) పన్నెండు ఎక్కించాలన్నారు, వేరే ఫీజుతో. మా అదృష్టం, ఒప్పుకోలేదు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల పిల్లవాడు ఆ చికిత్స చేస్తుండగా రక్తంలో కాల్షియం పడిపోయి, గుండె ఆగి చనిపోయాడు. ఈ సంగతి మీ డాక్టర్లకు తెలియదంటే నేను నమ్మలేను. ఎక్కువ పీడనంతో ఆక్సిజన్ పట్టే మీ చాంబర్‌కు కూడా ఆటిజం విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. సిట్టింగుకు ఇంత అని డబ్బు తీసుకునే ముందు ఆ ఒక్క ముక్క మాకు చెప్పలేదు.

పాలు, పెరుగు, గోధుమ మానేయమన్నారు. మావాడు పెరుగన్నం తప్ప వేరే ముద్ద ముట్టడు, ఆ సంగతి చేరేటప్పుడు ఫారంలో రాశాను. పెరుగు ఆపాక రోజుకు రెండు అరటిపళ్లతో గడిపిన వారాలున్నాయి. 14.6 కిలోల పిల్లవాడు 13.1కి వచ్చాడు. ఎముకలు గట్టిపడే వయసులో పాలు ఆపితే కాల్షియం ఎక్కడినుంచి వస్తుందని మా అత్తయ్య అడిగితే, మీవాళ్లు ఇంకో డబ్బా పొడి అమ్మారు.

మేం యోగాకో, ఆయుర్వేదానికో వ్యతిరేకం కాదు. మీ దగ్గర యోగా నేర్పిన మాస్టారు మంచివారు, ఆయన నేర్పినట్టు బాబు ఇప్పటికీ పడుకునే ముందు నాతో కూర్చుంటాడు. నిద్ర పట్టకపోతే మెలటోనిన్, రక్తం తక్కువైతే ఐరన్ డాక్టరు చూసి ఇస్తే మాకు అభ్యంతరం లేదు. ఇవన్నీ థెరపీకి తోడుగా ఉండాలి. థెరపీని తీసేసి ఆ చోట మీ ప్యాకేజీ పెట్టారు, అదే నా ఫిర్యాదు.

నేను అడిగేవి ఇవి. వీడియో ఈ ఉత్తరం అందిన రోజే అన్నిచోట్లా తీసేయాలి. దాన్ని వాడుకోవడానికి మేం ఎక్కడా సంతకం పెట్టలేదు. లేబుల్ లేని రెండు పొడుల్లో ఏముందో రాతపూర్వకంగా చెప్పాలి, వాడు వాటిని నాలుగు నెలలు తిన్నాడు. కట్టిన డబ్బు మొత్తం 15 రోజుల్లో వెనక్కివ్వాలి. ఇంకో ముఖ్యమైనది, మీ దగ్గర ఇప్పుడున్న మిగతా పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేసి, స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు నేర్పే థెరపీ) ఆపవద్దని చెప్పాలి. మా బ్యాచ్‌లోనే భద్రాచలం వైపు నుంచి వచ్చే ఒకామె ఉండేది, ఆమెకు పాప. వాళ్లకు కూడా మాకు చెప్పిందే చెప్పి ఉంటారని నా భయం.

జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే 10 లక్షల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. వీడియో కాపీ, నా ఫొటో వాళ్లకూ పంపుతాను.

బాబు జనవరి నుంచి మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తున్నాడు. గ్లాసు చూపిస్తే చెయ్యి చాస్తున్నాడు. మాట ఇంకా రాలేదు.

ఇట్లు,
బాబు తల్లి

జతపరిచినవి: రసీదులు, మూత్ర పరీక్ష రిపోర్టు, రక్త పరీక్ష రిపోర్టు, తేదీ ఉన్న ఫొటో, బరువు రాసిన టీకాల కార్డు నకలు.