కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: పిల్లల హాలు పని ఎంతవరకు వచ్చింది

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక నిండా ఒకటే విషయం ఉంటుంది, ముందే చెప్తున్నా. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ, కాలువల పూడికతీత ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల పుస్తకం కోశాధికారి గారి ఇంట్లో ఉంది, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. మిగతా ఏడాదంతా కర్నూలులో హంద్రీ ఒడ్డున ఉన్న మన పాత కమ్యూనిటీ హాలుతోనే గడిచింది.

ఆ హాలు సంగతి మీకు తెలుసు. పొద్దున అంగన్‌వాడీ, మధ్యాహ్నం దాటితే తాళం. ఎడమ గోడ మీద 2009 అక్టోబరు వరద నీటి చార ఇప్పటికీ ఉంది, ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ గోధుమరంగు మళ్లీ పైకి తేలుతుంది. నిలబడితే నా ఛాతీ దాకా వస్తుంది, అంగన్‌వాడీ పిల్లలకైతే తల మునిగిపోయేంత ఎత్తు. దీనికి తోడు సిమెంటు రోడ్డు మీద మళ్లీ మళ్లీ రోడ్డు వేసి హాలు నేల రోడ్డు కంటే అర అడుగు కిందికి దిగిపోయింది. గట్టి వాన పడితే ఆయమ్మ చీపురుతో నీళ్లు బయటికి తోయాల్సిందే.

జులై మీటింగులో మేము వేసుకున్న ప్లాను ఏంటంటే మెరిసే టైల్స్, గోడలకు బొమ్మలు, పైన ఫాల్స్ సీలింగ్. అప్పుడు మన కాలనీలోనే ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ లేచి, "ఇదంతా సరే నాయనా, ఆ పిల్లోళ్లను అడిగినారా?" అన్నారు. ఎవరమూ అడగలేదు. ఆ ఒక్క మాటతో ప్లాను పక్కన పెట్టాం. మర్నాడు నుంచి వంతులవారీగా ఒక్కొక్కరం పొద్దున పూట హాల్లో ఒక మూల కూర్చుని చూడటం మొదలుపెట్టాం.

నా వంతు రోజు చూసింది చెప్తాను. నాలుగేళ్ల పాప ఒకటి నీళ్లకు పోయింది. కుళాయి పెద్దవాళ్ల నడుం ఎత్తులో ఉంది. కింద రెండు ఇటుకలు పేర్చి ఉన్నాయి, వాటి మీదికి ఎక్కి, ఒక చేత్తో పైపు పట్టుకుని, రెండో చేత్తో కుళాయి తిప్పి, గ్లాసు పెట్టడానికి చెయ్యి లేక నేరుగా నోరు పెట్టింది. గౌను ముందుభాగమంతా తడిసిపోయింది. పక్కనున్న పిల్లవాడు "నిన్న వాడు పడినాడు సార్, పెదవి పగిలింది" అని ఇంకొకడిని చూపించాడు. ఇన్నేళ్లుగా రోజూ ఇదే జరుగుతుంటే మనం గోడ మీద బొమ్మల గురించి మాట్లాడుకున్నాం. నాకు ఆ రోజు చాలా బాధేసింది. మర్నాడే టేపు పెట్టి పిల్లల ఎత్తులు కొలిచాం. నేల పని అయ్యాక ఆ కొత్త నేల నుంచి రెండడుగుల ఎత్తులో వరసగా మూడు కుళాయిలు, కింద తొట్టి కట్టించాం. మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ ఖర్చు దీనికే అయింది.

ఇక నేల సంగతి. రెండడుగులు నింపితే రోడ్డు కంటే అడుగున్నర పైకి వస్తుంది, వాన నీళ్లు రావు. కానీ మన కాలనీలో చక్రాల కుర్చీలో వచ్చే ఒక బాబు ఉన్నాడు, గర్భిణులు కూడా బరువు చూపించుకోవడానికి అక్కడికే వస్తారు, మరి వాళ్లు ఎక్కేదెట్లా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పబ్లిక్ బిల్డింగుల్లోకి అందరూ వెళ్లగలగాలి. ర్యాంపుకి మామూలు లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు కావాలి, మనకు ముందు ఉన్న జాగా పన్నెండే. మేస్త్రీ "ఏటవాలు కొంచెం ఎక్కువ పెడదాంలే అన్నా" అన్నాడు. ఒప్పుకోలేదు, ఎందుకంటే నిటారుగా ఉన్న ర్యాంపు మీద వెనక నుంచి నెట్టే తల్లికే ముందు చెయ్యి జారుతుంది. చివరికి పక్క గోడ వెంబడి తిప్పి, మలుపు దగ్గర చదునుగా ఆగే చోటు పెట్టి, రెండు వైపులా పైపు రెయిలింగు వేయించాం.

మెరిసే టైల్స్ మానేసి బేతంచెర్ల బండలు పాలిష్ లేకుండా పరిపించాం, తడి కాళ్లకు జారవు. ఫాల్స్ సీలింగ్ డబ్బుతో మిద్దె మీద తెల్ల కోటింగ్, ఎదురెదురుగా పెద్ద కిటికీలు వచ్చాయి. కర్నూలు ఎండాకాలంలో బొమ్మల కంటే గాలి ముఖ్యం. స్విచ్ బోర్డులు, రికార్డుల బీరువా ఆ వరద చార కంటే బాగా పైకి పెట్టాం, దాంతో స్విచ్‌లు చిన్నపిల్లలకు అందకుండా కూడా అయ్యాయి. 2009 లాంటి వరద మళ్లీ వస్తే ఎంత నేల నింపినా చాలదు, అందుకే ఇప్పటిదాకా లేని మెట్లు బయట నుంచి మిద్దె మీదికి కట్టించాం, అడుగున గేటు, దానికి గొళ్లెం.

ఇక సాయంత్రాలు. డీఎస్సీకి, కానిస్టేబుల్‌కి, గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు మన కాలనీలో చాలామంది ఉన్నారు, ఇళ్లలో ఒకే గది, టీవీ, చుట్టాలు. హాలు సాయంత్రం ఐదు నుంచి పది దాకా రీడింగ్ రూమ్‌గా తెరిచాం. మొదటి నెలంతా మగపిల్లలే వచ్చారు. ఆడపిల్లలను అడిగితే రెండు మాటలే చెప్పారు: సందులో లైటు లేదు, లోపల మాకు బాత్రూమ్ లేదు. బడి భవనాలకైతే 2009 విద్యాహక్కు చట్టంలోనే ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, తాగునీరు, ప్రహరీ ఉండాలని రాసి ఉంది, మనది బడి కాకపోయినా అదే కొలత పట్టుకున్నాం. మరుగుదొడ్డి వేరుగా కట్టించాం, లోపల గొళ్లెం, బకెట్, చెత్తడబ్బా. లైటు పడ్డాక వాళ్లు రావడం మొదలైంది. పుస్తకాల విషయం ఒకటి గుర్తుంచుకోండి. మనం ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, కాబట్టి మనకు పత్రికలు, పుస్తకాలు అడిగే హక్కు ఉంది, అర్జీ పెట్టాం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం, ఒకసారి ఫైలే కనపడలేదన్నారు, జిరాక్సులు ఉండబట్టి సరిపోయింది. అంగన్‌వాడీ టీచరుకు, చదువుకునే పిల్లలకు బల్లల మీద గొడవ వచ్చింది. పొద్దున వచ్చేసరికి బల్లలన్నీ మధ్యలో ఉంటున్నాయని ఆమె బాధ, అది నిజమే. ఇప్పుడు రాత్రి చివర వెళ్లేవాళ్లు బల్లలు గోడకు జరిపి, ఊడ్చి, తాళం ఎదురింటి అవ్వకు ఇచ్చి పోవాలని రాసి అంటించాం, బాగానే నడుస్తోంది.

మిగిలినవి: వెనక ప్రహరీ సగమే లేచింది, దాని అవతల కాలువ ఉంది కాబట్టి వానల్లోపు పూర్తి కావాల్సిందే. ఆటస్థలంలో నీడ లేదు. ఈ రెండింటి మీద వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు హాల్లోనే మీటింగు. మీ పిల్లలను కూడా తీసుకురండి, ఆటస్థలం గీత వాళ్ల చేతే ముగ్గుపిండితో వేయిద్దాం.

కార్యదర్శి