ట్రైనర్ విమానం పడింది బ్యాటరీ వల్ల, నడిపిన కుర్రాడి వల్ల కాదు

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరు దాకా మన ఫీల్డ్‌లో రేడియోతో ఎగరేసే ఎలక్ట్రిక్ మోడల్ విమానాలతో ఆదివారం క్లాసులు ఉండవు. కట్టిన ఫీజు వచ్చే నెలకి జరుగుతుంది, వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇచ్చేస్తాను. ఎందుకు ఆపానో మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే కొత్తగా చేరిన ఇంటర్ కుర్రాడు విమానం కూల్చేశాడని బయట మాట తిరుగుతోంది. అది అబద్ధం.

బడ్డీ బాక్స్ (నా రేడియోకి జోడించిన స్టూడెంట్ రేడియో) మీద నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు, నా రేడియోలో ట్రైనర్ స్విచ్ నేను లాగి పట్టుకున్నంతసేపే కంట్రోల్ స్టూడెంట్‌ది, వదిలేస్తే నాది. ఆ రోజు ట్రైనర్ ఎడమ రెక్క మీదికి వాలగానే స్విచ్ వదిలేశాను, అయినా విమానం నా స్టిక్స్‌కి కూడా పలకలేదు. మోటారుకీ, రేడియో సిగ్నల్ అందుకునే రిసీవర్‌కీ, రెక్కల, తోక పలకల్ని కదిపే సర్వోలకీ కరెంటు ఒకే లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) నుంచి వెళ్తుంది కదా, మామూలుగా చార్జ్ తగ్గితే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే సర్క్యూట్) ముందు మోటారుని ఆపుతుంది, తోక మీది ఎలివేటర్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి మెల్లగా గ్లైడ్ చేసి దింపుకోవచ్చు. ఇక్కడ అంత టైమ్ కూడా దొరకలేదు. తర్వాత కొత్త విమానాన్ని నేల మీద కట్టేసి, అదే బ్యాటరీ పెట్టి థ్రాటిల్ పెంచితే రిసీవర్ లైటు ఆరిపోయి మళ్లీ వెలిగింది. గాల్లో జరిగింది కూడా అదే. ఆ పిల్లాడి తల్లిదండ్రులకి ఈ పరీక్ష చూపించాను, మీకూ చూడాలనుంటే షాపుకి రండి, చూపిస్తాను.

ఆ బ్యాటరీలు ఈ సీజన్ కోసమే తెప్పించిన 3ఎస్ 2200లు, అంటే మూడు సెల్స్, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాక్‌లు. మూడు సెల్స్‌లో రెండిటి ఇంటర్నల్ రెసిస్టెన్స్ (ఎంత తక్కువుంటే సెల్ అంత మంచిది) 6, 7 మిల్లీఓంల దగ్గర ఉంటే మూడోది 30 దాటింది. 2200 అని ముద్ర వేసిన ప్యాక్‌ని డిశ్చార్జ్ చేసి చూస్తే 1500 కూడా రాలేదు. సప్లయర్‌కి ఫోటోలు పంపి ఫోన్ చేశాను. ఆయనన్న మాట ఇది: గుంటూరు ఎండకి పాడై ఉంటాయి, మీవాళ్లకి చార్జింగ్ పద్ధతి సరిగా తెలియదేమో అని. చలికాలం పొద్దున ఎగరేస్తున్న మాకు ఎండ సంగతి చెప్పాడు! సెల్‌కి 4.2 వోల్టులు దాటనివ్వకుండా, వాడనప్పుడు 3.8 దగ్గర స్టోరేజ్‌లో పెట్టి, బ్యాలెన్స్ చార్జర్ పక్కన మనిషి లేకుండా ఒక్క ప్యాక్ కూడా చార్జ్ చెయ్యని షాపు ఇది. పాత బ్యాటరీలు అదే చార్జర్ మీద ఇవాళ్టికీ బాగానే ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే, అదే పెట్టెలో సీల్ తియ్యని ప్యాకెట్లు ఆయన చూస్తుండగానే వీడియో కాల్‌లో విప్పి కొలిచాను, వాటిలో కూడా అదే లోపం కనిపించింది. కాల్ కట్ చేశాడు. డబ్బు ఇస్తాడో లేదో తెలియదు, ఆయన దగ్గర మళ్లీ ఒక్క స్క్రూ కూడా కొనను.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే విషయం. ఆ లాట్‌లో సగానికి పైగా ప్యాక్‌లు పరీక్షలో బాగానే వచ్చాయి. మా తమ్ముడు వాటిని వాడదామన్నాడు, వోల్టేజ్ అలారం పెడితే సెల్ తగ్గగానే కూస్తుంది, దింపేయొచ్చు అని. వాడి మాట తీసిపారేసేది కాదు. గాలి తక్కువగా ఉండే ఈ చలి ఉదయాలే కొత్తవాళ్లకి మంచి సీజన్, సంక్రాంతి సెలవులకి పిల్లలు ఇళ్లకి వస్తారు, పెట్టిన డబ్బు చిన్నదేమీ కాదు. కానీ టేకాఫ్ అయ్యి ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కుతున్నప్పుడు అలారం కూస్తే దింపడానికి ఎత్తు ఎక్కడిది? కిలో పైన బరువున్న విమానం, ముందు తిరుగుతున్న ప్రొపెల్లర్, పక్క గట్టు మీద గేదెలు తోలుకెళ్లేవాళ్లు. ఇవాళ బాగున్న ప్యాక్ పదో చార్జ్‌కి ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. మూడు రాత్రులు వాదించుకుని చివరికి లాట్ మొత్తం పక్కన పెట్టేశాం. తమ్ముడికి ఇంకా కోపంగానే ఉంది, నేను మాత్రం మాట మార్చను.

ఈలోగా ఫీల్డ్ మూతపడదు. చేత్తో విసిరే రెండు చానళ్ల (రెండే కంట్రోల్స్ ఉండే) గ్లైడర్‌కి లైపో అక్కర్లేదు, నాలుగు నికెల్ సెల్స్ చాలు. మోటారు లేకుండా దింపడం దానితో వచ్చేస్తుంది. షాపులో సిమ్యులేటర్ సాయంత్రాలు ఫ్రీ. విమానం మీవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై టెన్షన్ పడేవాళ్లు ముఖ్యంగా రండి, ఏ రెక్క వాలితే స్టిక్ ఆ వైపుకే తొయ్యడం చేతికి అలవాటయ్యేదాకా కూర్చోండి.

వేరే చోటు నుంచి తెప్పించే కొత్త బ్యాటరీలు వచ్చాక ప్రతి ప్యాక్ మీద కొలత, తేదీ రాసి ఉంటాయి, ఎగరేసే ముందు మీరే చదువుకోవచ్చు. మొదటి ఫ్లైట్ ఆ ఇంటర్ కుర్రాడిది, ఇందులో మార్పు లేదు.

దసరా తర్వాత నా దగ్గర 3ఎస్ 2200 కొన్నవాళ్లు దాన్ని ఇంట్లో చార్జ్ చెయ్యొద్దు. ఉబ్బినా ఉబ్బకపోయినా తెచ్చేయండి, బిల్లు లేకపోయినా డబ్బు ఇస్తాను. ఉబ్బినదైతే సూదితో పొడవడం, నొక్కడం చెయ్యకుండా ఒక మట్టికుండలో ఇసుక పోసి అందులో పెట్టి, ఆరుబయట ఉంచి నాకు ఫోన్ చెయ్యండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.