పది మీటర్లన్నారు, పదడుగులకే మొరాయిస్తోంది

హబ్సిగూడ,
హైదరాబాద్.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: టచ్‌ప్యాడ్ ఉన్న మీ వైర్‌లెస్ కీబోర్డు, దాని మీద మీ సర్వీస్ సెంటర్ రాసిచ్చిన రిపోర్టు.

నమస్కారం. టీవీ వెనక చిన్న పీసీ బిగించి, సోఫాలోంచి నడుపుకోవచ్చని మూడు నెలల క్రితం మీ కీబోర్డు కొన్నాను. 2,400 రూపాయలు. మౌస్‌కి బల్ల వెతుక్కోనక్కర్లేదు, ఒళ్లో పెట్టుకుంటే చాలు. మీటలు మెత్తగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. మా అమ్మ కూడా రెండు రోజుల్లో అలవాటు పడింది. ఇంతవరకూ నాకు ఏ పేచీ లేదు.

గొడవంతా సాయంత్రాలే. అమ్మ హార్డ్‌డిస్కులోంచి పాత సినిమా పెట్టుకుంటుంది. సౌండు తగ్గిద్దామని టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే కర్సర్ వెళ్లి సరిగ్గా హీరోయిన్ ముక్కు మీద ఆగిపోతుంది. ఎంత రుద్దినా కదలదు. ఉన్నట్టుండి ఒక్క గెంతు గెంతి మూలకు పోతుంది. ఘంటసాల పేరు కొట్టి వెతకబోతే ఒక అక్షరం అసలు పడదు, ఇంకోటి వరసగా తొమ్మిదిసార్లు పడుతుంది. "దీనికన్నా రిమోటే నయం కదరా" అని అమ్మ అననే అంది. సోఫాకీ టీవీకీ మధ్య పదడుగులు. మీ అట్టపెట్టె మీద 10 మీటర్లని ఉంది.

ఫోన్ చేస్తే బ్యాటరీలు మార్చమన్నారు, మార్చాను. వైఫై రౌటర్ ఆపి చూడమన్నారు, ఆపాను. తేడా లేదు. మెట్రో ఎక్కి అమీర్‌పేటలోని మీ సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అక్కడి అబ్బాయి డాంగిల్ని (కీబోర్డు సంకేతాలు అందుకునేందుకు పోర్టులో గుచ్చే చిన్న ముక్క) తన కంప్యూటర్‌కి గుచ్చి, జానెడు దూరంలో కీబోర్డు పెట్టుకుని నాలుగు అక్షరాలు కొట్టి, "పనిచేస్తోంది కదా సార్" అన్నాడు. జానెడు దూరంలో నాకూ పనిచేస్తుంది! రెండోసారి హార్డ్‌డిస్క్ సంగతి చెప్పబోతే, "అది మా కంపెనీది కాదు" అని ఆపేశాడు. రిపోర్టులో "లోపం లేదు, వాడకంలో పొరపాటు" అని రాసిచ్చారు.

తర్వాత నేనే కూర్చుని గమనించాను. యూట్యూబ్ చూస్తున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు, హార్డ్‌డిస్క్ తిరుగుతున్నప్పుడే. టీవీ వెనక టార్చి వేసి చూస్తే రెండు నీలం పోర్టుల్లో డాంగిల్, హార్డ్‌డిస్క్ వైరు పక్కపక్కనే ఒరుసుకుంటూ ఉన్నాయి. నీలం పోర్టంటే యూఎస్‌బీ 3.0, సెకనుకు 5 గిగాబిట్ల వేగం. ఆ వేగంలో పుట్టే రేడియో రొద, మీ డాంగిల్ వినే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. పక్కనే బ్యాండుమేళం మోగుతుంటే ఫోన్‌లో మాట వినపడనట్టే. ఇది నా కనిపెట్టుడేం కాదు, ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వేసింది. 120 రూపాయలు పెట్టి మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు కొని, డాంగిల్‌ని టీవీ ముందుకు తెచ్చాను. ఆ రోజు నుంచి కర్సర్ ఒక్కసారీ ఆగలేదు.

బాగైపోయింది కదా, మళ్లీ ఉత్తరమెందుకంటారేమో. నీళ్లు పోయొద్దనీ, పిల్లలకు అందనివ్వద్దనీ చెప్పిన మీ మాన్యువల్‌లో డాంగిల్ ఎక్కడ పెట్టాలో ఒక్క ముక్క లేదు. గదిలో టీవీకి వాడుకొమ్మని అమ్మే వస్తువు ఇది. డాంగిల్ టీవీ వెనకే ఉంటుందని మీకు తెలియదా? పెట్టెలో జానెడు వైరు వేస్తే నాకీ తిరుగుడు తప్పేది.

వారంటీ ఇంకా తొమ్మిది నెలలుంది. రేపు టచ్‌ప్యాడ్ నిజంగానే పాడైతే, మీవాళ్లు ఈ "వాడకంలో పొరపాటు" కాగితమే నా ముఖాన పెడతారు. అందుకే ఆ మాట కొట్టేసి కొత్త రిపోర్టు ఇవ్వండి. వైరు ఖరీదు 120 రూపాయలు తిరిగివ్వండి. మెట్రో చార్జీలు అడగడం లేదు. ఫోన్ ఎత్తేవాళ్లకి మాత్రం, బ్యాటరీల కంటే ముందు "డాంగిల్ పక్క పోర్టులో ఏముంది?" అని అడగడం నేర్పండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతపరిచినవి: బిల్లు నకలు, మీ రిపోర్టు నకలు, వైరు రసీదు, టీవీ వెనక తీసిన ఫొటో.