పాత కట్టడాలకు గోధుమరంగు పూత ఎందుకు?

సంపాదకులకు,

చెన్నై పాత కట్టడాల చిత్రాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ పాతకాలపు ఛాయ రావాలంటే నీటిరంగుల బొమ్మంతటికీ పల్చటి గోధుమరంగు పూత వేయాలన్న సలహా మాకు మింగుడుపడలేదు. అలా వేస్తే 1913 నాటి రిపన్ బిల్డింగ్ తెల్లగోడలూ, పక్కనే ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు ఎర్ర ఇటుకా ఒకే మురికిరంగులో కలిసిపోతాయి. ఆ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజా ఆనంద గజపతే.

గోడకు వయసు అన్నిచోట్లా ఒకేలా రాదు, నీరు పోయే దారి వెంట వస్తుంది. కార్నీసు (గోడపై ముందుకు పొడుచుకొచ్చే అంచు) కింద, తూము మూతి కింద నల్లచారలు దిగుతాయి. పైన ముదురు, కిందికి పోనుపోను పల్చన. నేల నుంచి మూడు నాలుగడుగుల దాకా చెమ్మ ఎక్కి, ఆరినచోట ఉప్పు తెల్లగా పొంగుతుంది. సున్నం గోడకు సిమెంటు మెత్తితే మరీ అధ్వాన్నం. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, ఆ చెమ్మ పక్క ఇటుకల్లోంచి దారి చేసుకుంటుంది. అందుకే బూడిదరంగు అతుకు చుట్టూ ఇటుక పొరలుగా రాలుతుంది. అందంగా లేదని ఆ అతుకును బొమ్మలోంచి ఎత్తేసేవాళ్లే ఎక్కువ. మరమ్మతుల చరిత్రంతా ఉన్నది అక్కడే కదా!

ఇటుక గోడకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాటన్ కాగితం మీద ముందు మట్టిపసుపు రంగు యెల్లో ఆకర్‌లో కాస్త లైట్ రెడ్ కలిపి గోడంతా ఒకే పూత. ఆరాక ఎర్రగోధుమ రంగు బర్న్ట్ సియెన్నాతో అక్కడక్కడ మాత్రమే ఇటుకలు చూపాలి. వరసలన్నీ గీస్తే గోడ గళ్ల లుంగీ అవుతుంది. నీడకు ట్యూబు నలుపు వద్దు, ముదురు నీలం అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే చాలు. ఇక్కడి ఉక్కకు పూత పైకి ఆరినట్టే కనిపిస్తుంది. తొందరపడి రెండోది వేస్తే కింది రంగు లేచి బురదవుతుంది. వేళ్ల వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఆరనట్టే.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కనుక నీడల అంచులు ముందే పెన్సిలుతో గీసుకుని, ఇక కదపకూడదు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా చెన్నైలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. దక్షిణం చూసే గోడకు ఆ వేళ ఎండ తగలదు. డిసెంబరు ఫొటోలోని నీడకు మే నెల ఎండ పూసిన బొమ్మలు ప్రదర్శనల్లో కొల్లలు.

బొమ్మ వెనక తేదీ, వేళ, నిలబడిన చోటు రాయమని కూడా మీ వ్యాసకర్త చెప్పి ఉండాల్సింది. అదీ పెన్సిలుతోనే. కొన్ని జెల్‌పెన్ల సిరాకు తడి తగిలితే అలుక్కుపోతుంది.

— కొందరు నీటిరంగుల చిత్రకారులు, చెన్నై