సంతకం బంతిని వేలం వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే పిల్లల పెట్టెల్లో చాక్లెట్లతో పాటు బేస్‌బాల్ బంతి, టోపీ, జెర్సీ కూడా దిగుతున్నాయి. కోనసీమలోనూ, అటు భీమవరం, పాలకొల్లు వైపూ టీవీ పక్క అద్దాల అలమరలో ఎర్ర కుట్ల తెల్ల బంతులు చేరుతున్నాయి, కొన్నిటిమీద ఆటగాళ్ల సంతకాలతో. వాటిని ఊరి బడికో, ఆస్పత్రికో సాయంగా వేలం వేద్దామన్న ఆలోచన మంచిదే. అయితే వినాయక చవితి లడ్డూ పాటలా నడిపేస్తే కుదరదు. లడ్డూ ఎంతకు పాడినా ప్రసాదమే, అసలుదా నకిలీదా అని ఎవరూ అడగరు. బంతి విషయంలో మొదట అడగాల్సింది అదే.

సంతకం సంగతి తర్వాత, ముందు బంతిమీద అచ్చు చదవండి. అమెరికాలో పెద్ద పోటీలు నడిపే సంస్థ మేజర్ లీగ్ బేస్‌బాల్, అందులో అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు భాగాలు. 1999 సీజన్ దాకా అమెరికన్ లీగ్ బంతి, నేషనల్ లీగ్ బంతి వేరు. ఏ లీగ్ బంతిమీద ఆ లీగ్ అధ్యక్షుడి సంతకం అచ్చయి ఉండేది. 2000 నుంచి రెండిటికీ ఒకటే బంతి, దానిమీద ఆ సంస్థ అధిపతి అయిన కమిషనర్ సంతకం: మొదట బడ్ సీలిగ్‌ది, 2015లో ఆయన దిగిపోయాక రాబ్ మాన్‌ఫ్రెడ్‌ది. రాలింగ్స్ కంపెనీ రెండు లీగ్‌లకూ బంతులివ్వడం 1977లో మొదలైంది. నికరాగ్వా భూకంప బాధితులకు సరుకులు తీసుకెళ్తూ పేరున్న ఆటగాడు రాబర్టో క్లెమెంటే విమాన ప్రమాదంలో పోయింది అంతకు ముందే, 1972 డిసెంబర్ 31న. ఇక సీలిగ్ పేరున్న బంతిమీద క్లెమెంటే సంతకం ఎక్కడి నుంచి వస్తుంది? జట్టు చరిత్ర తెలిసినవాళ్లకు ఇలాంటి నకిలీ పట్టుకోవడం నిమిషం పని. జెర్సీమీద 42 కనబడగానే ఆ నంబరుతో ఆడిన నల్లజాతి దిగ్గజం జాకీ రాబిన్‌సన్‌ది అనుకోవద్దు. ఆయన గౌరవార్థం ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్లందరూ అదే నంబరు వేసుకుంటున్నారు, 2009 నుంచి.

తర్వాత పది రెట్లు చూపించే భూతద్దం. స్టేడియంలో పంచే బంతులమీద సంతకాలు చాలావరకు అచ్చువే. భూతద్దంలో చుక్కలు కనిపించినా, పదిమంది సంతకాలూ ఒకే రంగులో ఒకే మందంలో ఉన్నా అనుమానించాలి. పెన్నుతో చేసిన సంతకంలో తోలుమీద నొక్కు పడుతుంది, గీత మొదట్లో, చివర్లో మందం మారుతుంది.

మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001 నుంచి నంబరున్న హోలోగ్రామ్ బిళ్ల అంటిస్తోంది. వాళ్ల మనిషి ఎదుట జరిగిన సంతకానికో, ఆటలో వాడిన వస్తువుకో మాత్రమే అది దొరుకుతుంది. నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే వివరం వస్తుంది, అది మీ చేతిలో ఉన్న వస్తువుతో సరిపోవాలి. బిళ్లను ఊడదీసి వేరేచోట అంటించాలని చూస్తే చినిగిపోతుంది. వేరే కంపెనీలు తర్వాత పరిశీలించి ఇచ్చే పత్రం అభిప్రాయం కిందే లెక్క, కళ్లారా చూసిన సాక్ష్యం కాదు. నంబరే లేని దుకాణం కాగితానికి విలువ లేదు.

అసలుదే అయినా మన గాలిలో నిలబెట్టుకోవడం ఇంకో పని. సంతకానికి నీలం బాల్‌పాయింట్ పెన్ను మేలు. మార్కర్ సిరా తోలులో పాకి, ఏళ్లు గడిచేకొద్దీ అంచులు అలుక్కుపోతాయి. తోలు మెత్తబడాలని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. నూనె సిరాను కరిగిస్తుంది, బంతి పచ్చబడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. ఉత్త చేతులతో పట్టుకున్నా చెమట మరకలు కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరుగుతాయి, నూలు చేతితొడుగులు వేసుకోండి. కిటికీ ఎండకు, ట్యూబ్‌లైటుకు దూరంగా పెట్టండి.

ముసురు పట్టిన ఆషాఢ శ్రావణాల్లో గాలిలో తేమ రోజుల తరబడి 65 శాతం దాటి ఉంటే తోలుమీద బూజు లేస్తుంది. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని డబ్బాలోనే ఉంచండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో లీటరు చోటుకు 20 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) చొప్పున వేసి, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్టే. 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. మీటరు 40 కిందికి పడితే సగం గింజలు తీసేయండి, తోలు మరీ ఎండితే కుట్ల దగ్గర పగులుతుంది. బియ్యం పోసి పెడితే తేమ సంగతేమో గాని పురుగు పడుతుంది. కలరా ఉండలు వేయొద్దు, వాటి ఆవిరికి ప్లాస్టిక్ పెట్టె మెత్తబడి మసకబారుతుంది. బూజు పట్టిన బంతిని తడిగుడ్డతో తుడిస్తే సిరా పోతుంది. నీడన ఫ్యాను గాలికి ఆరనిచ్చి మెత్తటి కుంచెతో దులపాలి.

ఆటగాళ్ల బొమ్మల కార్డులను లామినేషన్ చేయించారంటే వాటి విలువ అక్కడితో సరి. పీవీసీ కవర్లు అంటుకుపోతాయి, పాలీప్రొపిలీన్‌వి వాడండి. సంతకమున్న జెర్సీని ఉతకొద్దు, హ్యాంగరుకు వేలాడదీయొద్దు. గంజి లేని పాత తెల్ల నూలు పంచెలో మడిచి బీరువా పై అరలో పెడితే చాలు. వరద నీరు ఇళ్లలోకొచ్చే లంక గ్రామాలవాళ్లు అన్నిటినీ అటకమీదే ఉంచుకోవాలి.

పిల్లల క్యాన్సర్ వైద్యానికి ఎవరైనా వేలం పెడితే వేదికమీద చెప్పదగ్గ సంగతి ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించిన రోజుల్లో అక్కడ తయారైన మందు అమినోప్టెరిన్. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. దానికి కొద్దిరోజుల ముందే, మే 22న, ఫార్బర్ దగ్గర చికిత్స పొందుతున్న ఒక బాలుణ్ని జిమ్మీ అన్న మారుపేరుతో రేడియోలో మాట్లాడించారు. అతని మంచం చుట్టూ బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు చేరారు. అలా పుట్టింది క్యాన్సర్ వైద్యానికి విరాళాలు పోగుచేసే జిమ్మీ ఫండ్. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. బ్రేవ్స్ 1953లో మిల్వాకీకి, 1966లో అట్లాంటాకు తరలిపోయారు. ఆ నిధిని 1953లో బోస్టన్‌లోని మరో జట్టు రెడ్ సాక్స్ భుజానికెత్తుకున్నారు, నేటికీ దించలేదు. ఆ లెక్కన భీమవరంలో రెడ్ సాక్స్ టోపీ మరీ పరాయిదేం కాదు.

డబ్బు సంగతికొస్తే, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) విదేశీ విరాళాల చట్టం ప్రకారం విదేశీయులే. వాళ్ల నుంచి డబ్బు గాని, వేలానికి వస్తువు గాని తీసుకోవాలంటే సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. రూ.2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. పైగా వేలంలో వస్తువు కొన్నవారు కట్టిందంతా విరాళం కిందికి రాదు, రశీదు రాసేముందు ఆడిటర్‌ను అడగడం మంచిది. వస్తువు నాలుగు వైపుల ఫొటోలు, ఎవరిచ్చారు, ఎప్పుడు సంతకం చేయించారు అన్న వివరం ఒక కాగితంమీద రాసి, పాట మొదలయ్యే ముందే అందరికీ చూపించాలి. రుజువు లేని బంతిని "సంతకం ఎవరిదో నిర్ధారణ కాలేదు" అని చెప్పే పాటకు పెట్టాలి.

మీ విలేకరులు ఇలాంటి వేలం వార్త రాసేటప్పుడు ఎంతకు పాడారన్న అంకెతో పాటు హోలోగ్రామ్ నంబరు, డబ్బు చేరిన సంస్థ రశీదు తేదీ కూడా అడిగి వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బేస్‌బాల్ అభిమాని,
పాలకొల్లు