రూట్ కెనాల్‌లో మిషన్ దారి వేస్తుంది, కడిగేది మందే

ఎడిటర్ గారికి నమస్కారం.

గత వారం మీ ఆరోగ్య పేజీలో, మోటారుతో ఫైలును తిప్పే రోటరీ మిషన్‌తో రూట్ కెనాల్ చేస్తే పంటి లోపల ఏమీ మిగలకుండా శుభ్రమైపోతుందని రాశారు. అంత మాట అనడానికి లేదండీ.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఒక డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్‌ని. డాక్టర్ గారి పక్కన నిలబడి ఫైళ్లు, అంటే పంటి వేరు లోపలి నాళాన్ని గీకే సన్నటి పుల్లలు అందించడం, నోట్లో ఉమ్ము, నీళ్లు లాగే సక్షన్ గొట్టం పట్టుకోవడం నా పని. మాది కడప జిల్లా. తెలుగువాళ్లు వస్తే డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడేవన్నీ నన్ను అడుగుతారు. పెద్దవాళ్ల నోట ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ‘ఏమ్మా, మిషన్‌తోనే చేస్తారా, చేత్తో గీకుతారా?’ మిషన్ అంటే ధైర్యం, చెయ్యి అంటే టెన్షన్. అసలు మిషన్ పెట్టినా మొదలయ్యేది చేత్తోనే. కొస మందం 0.10 మిల్లీమీటర్లుండే సన్నటి ఫైలుతో డాక్టర్ ముందు దారి వెతుక్కుంటారు. మోటారు ఆ తర్వాతే.

మిషన్‌ని తక్కువ చేయడం లేదు. పాత స్టీలు ఫైళ్లు బిరుసు. వంకర వేరులో అవి వంపు తిరగక గోడను పొడుచుకుంటూ పోయేవి. 1988లో నికెల్ టైటానియంతో ఫైళ్లు చేసి చూశాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఈ లోహం వేరు ఎటు వంగితే అటు వంగుతుంది. తిరుగుతూ పంటి పొడిని చాలావరకు కిందికి నెట్టకుండా పైకి లాక్కొస్తుంది. ఒక్కో ఫైలు బయటికి రాగానే, స్క్రూకు ఉన్నట్టు దానికుండే మరల మధ్య పచ్చటి పొడి ఇరుక్కుని ఉంటుంది, గాజుగుడ్డతో తుడుస్తాను. మరలు విప్పుకున్నట్టు కనిపిస్తే ఆ ఫైలు చెత్తబుట్టకే. లేకపోతే లోపల విరుగుతుంది.

ఇక అసలు సంగతి. ఫైలు గుండ్రంగా తిరుగుతుంది, పంటి నాళం మాత్రం చాలాచోట్ల చదునుగా ఉంటుంది. గుండ్రటి బ్రష్షుతో పలకల సీసా కడిగినట్టే, మూలలు అలాగే ఉండిపోతాయి. 2001లో జ్యూరిక్ పరిశోధకులు పీకేసిన పై దవడ పళ్లను మైక్రో సీటీ స్కాన్‌లో పెట్టి, ఫైళ్లు పెట్టకముందు, పెట్టాక పోల్చి చూశారు. ఏ పద్ధతిలో చేసినా నాళం గోడల్లో 35 శాతం, అంతకంటే ఎక్కువ భాగాన్ని ఫైలు తాకనే లేదు. చేత్తో చేసినదానికీ మిషన్‌తో చేసినదానికీ పెద్ద తేడా కనపడలేదు. రెండు నాళాల మధ్య ఉండే సన్నటి సందుల్లోకైతే ఏ ఫైలూ పోదు.

అక్కడికి పోగలిగింది మందు నీళ్లే. సోడియం హైపోక్లోరైట్, అంటే బట్టల బ్లీచింగ్‌లో ఉండేదే, 0.5 నుంచి 5.25 శాతం దాకా వాడతారు. కుళ్లిన నాడి ముక్కల్ని కరిగిస్తుంది, క్రిముల్ని చంపుతుంది. ఫైలు రాపిడికి గోడలకు పట్టిన పొడి పొరను తీయడానికి ఈడీటీఏ అనే ఇంకో మందు వాడతారు. పక్కన రంధ్రం ఉన్న సూదితో, ఒత్తకుండా, మెల్లగా పోయాలి. గట్టిగా ఒత్తితే మందు వేరు దాటిపోతుంది, ఇక వాపు, మంట భరించలేరు. మొదట బయటికొచ్చే నీళ్లు మడ్డిగా ఉంటాయి, పోయగా పోయగా తేటపడతాయి. తేటపడ్డాక కూడా మా డాక్టర్ ఆపరు, మందు పనిచేయడానికి టైము కావాలంటారు. కుర్చీలో ఉన్నవాళ్లు ‘మిషన్ ఆగిపోయిందిగా, ఇంకా ఏంటి?’ అని నన్ను చూసి కళ్లెగరేసేది సరిగ్గా అప్పుడే.

మా వైపు బోర్డుల మీద ‘రోటరీ, ఒకే సిట్టింగ్’ అని పెద్దక్షరాలతో రాస్తున్నారు. ఒకే సిట్టింగ్ తప్పేం కాదు, కొన్ని పళ్లకు సరిపోతుంది. మిషన్ వల్ల మిగిలిన టైమును కడగడానికి వాడకుండా ఇంకో పేషెంట్‌ని కూర్చోబెట్టడానికి వాడితేనే నష్టం.

మీ పేజీలో ఈసారి రాసేటప్పుడు మిషన్ ఏ కంపెనీదో అడగమని కాకుండా, రబ్బర్ డ్యామ్ వేస్తారా అని అడగమని పాఠకులకు చెప్పండి. పంటి చుట్టూ కట్టే ఆ పల్చటి రబ్బరు షీటు ఉంటే ఉమ్ము లోపలికి పోదు, మందు గొంతులోకి దిగదు. కాస్త ఉక్కపోసినట్టుంటుందని చాలామంది తీసేయమంటారు. తీయించుకోవద్దని కూడా రాయండి.

– ఒక డెంటల్ అసిస్టెంట్, మారతహళ్లి, బెంగళూరు